మాటిజ్‌ను కంపెనీ ఇచ్చినట్టే ఉంచమనే వాళ్ళకు

అంబాసిడర్ కనబడితే జనం ఫోటో తీసుకుంటారు. ప్రీమియర్ పద్మిని అయితే పెళ్ళి ఊరేగింపుకు అడుగుతారు. పాత మారుతి 800 పక్కన నిలబడి "మా నాయన కొన్న మొదటి కారు ఇదే" అని అరగంట మాట్లాడేవాళ్ళను నేనే చూశాను. డేవూ మాటిజ్‌ను చూస్తే మాత్రం అందరూ ఒకటే అడుగుతారు: "ఇంకా అమ్మలేదా అప్పా?" అనంతపురం కమలానగర్‌లో మా వీధి పెద్దాయన ఇంకో మెట్టు ఎక్కి "కాటాకు వేసెయ్, ఇనుము రేటు బాగుంది" అని కనబడినప్పుడల్లా సలహా ఇస్తుంటాడు. ఆయన మీద నాకేం కోపం లేదు, ఆయన లెక్క ఆయనది. నాకు చిర్రెత్తేది రెండో వైపు వాళ్ళ మీద. పాత కార్లంటే పడి చచ్చేవాళ్ళు, బానెట్ ఎత్తి చూసి, కొత్త రిలేలూ (లైట్లకు, ఫ్యాన్‌కు కరెంటు అందించే స్విచ్చులు) కొత్త పైపులూ కనబడగానే మొహం అదోలా పెట్టి "అయ్యో, ఒరిజినల్‌గా ఉంచాల్సింది సార్" అంటారు చూడండి, వాళ్ళు.

ఈ వ్యాసం వాళ్ళ కోసమే. నేను చెప్పేది సూటిగా ఇదీ: అందరూ ఇష్టపడే కారును కంపెనీ ఇచ్చినట్టే ఉంచుకోవచ్చు, ఎందుకంటే దాని చుట్టూ విడిభాగాలు తయారుచేసేవాళ్ళు, దాచిపెట్టేవాళ్ళు, వందరెట్లు ధర పెట్టి కొనేవాళ్ళు ఉంటారు. ఎవరికీ అక్కర్లేని కారుకు ఆ భాగ్యం లేదు. దాన్ని మార్చకుండా ఉంచాలంటే ఒకటే దారి, షెడ్డులో కవరు కప్పి నిలబెట్టేయడం. నడవాలంటే మార్చాల్సిందే.

అసలు ఇది ఎందుకిలా అనాథైందో ఇప్పటి పిల్లలకు తెలియదు కాబట్టి కొంచెం వెనక్కి వెళ్తాను. 1998 చివరి నెలల్లో మన దేశంలో చిన్నకార్ల జాతర జరిగింది. హ్యుందాయ్ శాంత్రో, డేవూ మాటిజ్, టాటా ఇండికా దాదాపు ఒకదాని వెంట ఒకటి దిగాయి. ఆ మూడింట్లో చూడ్డానికి ముచ్చటైనది మాటిజే అని నేను ఇప్పటికీ అంటాను. దాని గీత గీసింది ఇటలీకి చెందిన జుజారో సంస్థ ఇటాల్‌డిజైన్. మొదట ఫియట్ కోసం లూచ్చోలా అనే నమూనాగా చేశారు, ఫియట్ వద్దనుకుంటే డేవూ తీసుకుంది. మొదటి ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ కారు, ఫియట్ ఊనో గీసిన చెయ్యే ఇది కూడా. అంటే ఊరంతా నవ్వే నా బండికి పుట్టుకతో వచ్చిన మర్యాద తక్కువేం కాదు.

తర్వాతేమైందంటే, 1997 ఆసియా ఆర్థిక సంక్షోభం తర్వాత కొరియాలో డేవూ గ్రూపు అప్పుల్లో మునిగి 1999లో కుప్పకూలింది. 2000 నవంబరులో డేవూ మోటార్ దివాలా తీసింది. జనరల్ మోటార్స్ వచ్చి దాని ఆస్తుల్లో తనకు కావలసినవి ఏరుకుంది, ఆ ఏరుకున్న వాటిలో నోయిడా దగ్గర సూరజ్‌పూర్‌లో ఉన్న మన ఫ్యాక్టరీ లేదు. దాంతో ఇక్కడి మాటిజ్‌లకు దిక్కులేకుండా పోయింది. విచిత్రం ఏంటంటే ఉజ్బెకిస్తాన్‌లో ఇదే మాటిజ్ ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి తయారైంది, అక్కడ అది సామాన్యుడి కారు. మన దగ్గరకు దీని తర్వాతి తరం 2007లో షెవర్లే స్పార్క్ పేరుతో వచ్చింది, పదేళ్ళకు 2017లో జనరల్ మోటార్స్ కూడా ఇక్కడ అమ్మకాలు ఆపేసింది. ఒకే కుటుంబం రెండుసార్లు వీధిన పడ్డట్టు. కార్ల కన్సల్టెన్సీ వాళ్ళు మాటిజ్ పేరెత్తగానే కుర్చీలోంచి లేవకుండానే చెయ్యి ఊపేస్తారు, వాళ్ళ తప్పేముంది?

ఇక్కడే నాకు నవ్వొచ్చే సంగతి ఒకటుంది. మాటిజ్ ఇంజన్ మూడు సిలిండర్లది, 796 సీసీ. మారుతి 800ది కూడా మూడు సిలిండర్లే, అదీ 796 సీసీయే. సిలిండరు వ్యాసం 68.5 మి.మీ., పిస్టన్ నడిచే దూరం 72 మి.మీ., రెంటికీ ఒకటే. కాకతాళీయం కాదిది. డేవూ ఒకప్పుడు సుజుకి ఆల్టోను తీసుకుని టీకో అనే కారు చేసింది, ఆ సుజుకి ఇంజనునే మెరుగుపెట్టి మాటిజ్‌లో పెట్టింది. అంటే దేశమంతా కన్నీళ్ళు పెట్టుకుని సాగనంపిన కారు ఇంజనూ, కాటాకు వేయమంటున్న కారు ఇంజనూ పెద్దమ్మ చిన్నమ్మ పిల్లలు. ఈ ముక్క చెప్తే ఎవరూ నమ్మరు. సుభాష్ రోడ్డులో ఒక స్పేర్ పార్టుల అంగడాయన అయితే "మాటిజ్‌కు మారుతితో చుట్టరికం కలపొద్దు సార్" అని నిజంగానే నొచ్చుకున్నాడు. తయారైన చోటు వేరు, కాలం వేరు కాబట్టి అన్ని భాగాలూ నేరుగా అతకవు, ఆ మాట నిజమే. కానీ ఇంజన్ పని చేసే తీరు తెలిసిన మెకానిక్ ఈ జిల్లాలో ఏ ఊళ్ళో అయినా దొరుకుతాడు. అది చాలు.

ఇక భాగాల సంగతి. "పార్టులు దొరకవు కదా" అనేది ప్రతివాడూ వేసే బాణం. కంపెనీ పేరు పెట్టి అడిగితే దొరకవు. కొలత పెట్టి అడిగితే చాలావరకు దొరుకుతాయి. ఈ తేడా తెలియడానికే నాకు చాలా కాలం పట్టింది. బేరింగు విప్పి తుడిస్తే దాని అంచు మీద నంబరు ఉంటుంది. 6203 అని ఉంటే లోపలి వ్యాసం 17 మి.మీ., బయటి వ్యాసం 40, మందం 12. కొరియా అయినా, జర్మనీ అయినా, మన తాడిపత్రి అయినా అంతే. ఆయిల్ సీలు మీద కూడా మూడు కొలతలు అచ్చువేసి ఉంటాయి. బల్బులు, ఫ్యూజులు, రిలేలు ఏ ఒక్క కంపెనీ సొత్తూ కావు. కారు మీద డేవూ బొమ్మ ఉంది గానీ లోపల ఉన్నవాటిలో సగానికి సగం డేవూకు కూడా ఎవరో సప్లై చేసినవే, వాళ్ళల్లో చాలామంది ఇంకా బతికే ఉన్నారు. గుజిరీలో వెతికేవాడు "మాటిజ్‌ది ఉందా" అని అడిగితే లేదనిపించుకుని తిరిగొస్తాడు, చేతిలో పాత ముక్క, వెర్నియర్ కాలిపర్ పట్టుకుని వెళ్ళినవాడు ఏదో ఒకటి తెచ్చుకుంటాడు.

కొలిచినా దొరకనివి చేయించుకోవాలి. ఈ విషయంలో అనంతపురానికి మించిన ఊరు లేదని నా అభిప్రాయం, అతిశయోక్తి అనుకుంటే అనుకోండి. బోరు మీద బోరు వేసిన జిల్లా ఇది. మోటర్లు కాలిపోవడం, షాఫ్టులు అరిగిపోవడం, పంపులు పైకి లాగడం ఇక్కడ తరాలుగా నడుస్తున్న వ్యవహారం. ఆ పుణ్యమా అని లేత్ మిషన్లు, వైండింగ్ అంగళ్ళు, ట్రాక్టరు రేడియేటర్లు అతికేవాళ్ళు సందుసందుకూ ఉన్నారు. హైదరాబాదులో పెద్ద గ్యారేజీకి వెళ్ళి "ఈ బుష్ (కీళ్ళ దగ్గర కుదుపులు తీసుకునే గొట్టం ముక్క) చేసివ్వండి" అంటే మనల్ని పిచ్చివాణ్ణి చూసినట్టు చూస్తారు. ఇక్కడ లేత్ అన్న ముక్కను అటూ ఇటూ తిప్పి చూసి "సాయంత్రం రాండి" అంటాడు. ఒకటి మాత్రం చెప్పాలి, చేయించిన గట్టి నైలాన్ బుష్‌లతో రోడ్డు మీది ప్రతి చిన్న గులకరాయి సంగతీ నా వెన్నెముకకు తెలుస్తోంది. రబ్బరు చేసే పని నైలాన్ చెయ్యదు.

ఒరిజినల్ వాదులకు నేను వేసే ప్రశ్న ఇది: మీరు కారును 2001లో ఉన్నట్టు ఉంచమంటున్నారు, సరే. 2001 నాటి పెట్రోలు ఎక్కడ తేవాలి? ఇప్పుడు బంకులో పోసేదాంట్లో 20 శాతం ఇథనాల్. 2023 ఏప్రిల్ నుంచి వచ్చిన కొత్త బండ్ల పైపులు, సీళ్ళు దాన్ని తట్టుకునేలా చేస్తున్నారు. నా బండి తయారైనప్పుడు ఈ ఊహే లేదు. ఇథనాల్ పాత రబ్బరును ఉబ్బిస్తుంది, మెత్తబరుస్తుంది, చివరికి పగుళ్ళు తెస్తుంది. గాల్లోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి బండిని నెలల తరబడి కదపకుండా పెడితే ఇనుప ట్యాంకు లోపలినుంచి తుప్పు పడుతుంది. లీటరుకు వచ్చే శక్తి కూడా పెట్రోలుతో పోలిస్తే ఇథనాల్‌లో మూడింట రెండొంతులే, అందుకే మైలేజీ తగ్గిందని అందరూ మొత్తుకోవడం. మైలేజీ సంగతి వదిలేయండి. వేడి ఇంజను పక్కనుంచి పోయే పైపు చెమ్మగిల్లితే అది మంట పెట్టే వ్యవహారం. నేను ట్యాంకు దగ్గర్నుంచి ఇంజక్టర్ల దాకా రబ్బరు పైపులన్నీ తీసేసి ఇథనాల్‌కు తట్టుకునే ఫ్లోరో రబ్బరువి వేయించాను. బెంగళూరు నుంచి తెప్పించుకోవాల్సి వచ్చింది, ధర మామూలు పైపు కంటే చాలా ఎక్కువ. ఇది ఒరిజినల్‌ను పాడుచేయడం అనేవాళ్ళు ముందు వాళ్ళ పద్మిని బానెట్ ఎత్తి పైపులు వేలితో నొక్కి చూసుకుంటే మంచిది.

అలాగని మార్పు అనే పేరు పెట్టి ఏది చేసినా ఒప్పే అనడం లేదు. మన మెకానిక్ షెడ్లలో జరిగే మార్పుల్లో సగం నేను ఒప్పుకోను. వాటిల్లో మొదటిది థర్మోస్టాట్ (ఇంజను తగినంత వేడెక్కేదాకా నీళ్ళను రేడియేటర్‌కు వదలని వాల్వు) పీకెయ్యడం. ఎండాకాలం ఇంజను వేడెక్కుతోందని చెప్పగానే మా మెకానిక్ భాయ్ మొదటి మాట అదే: "థర్మోస్టాట్ తీసేద్దాం, ఫ్యాన్ డైరెక్ట్ ఇచ్చేద్దాం, ఇంగ టెన్షన్ ఉండదు." ముప్ఫై ఏళ్ళుగా పని చేస్తున్న మనిషి, ఆయన పనితనం మీద నాకు అపారమైన గౌరవం. అయినా ఈ విషయంలో మేమిద్దరం గట్టిగానే వాదించుకున్నాం. కార్బురేటర్ కాలంలో ఆ చిట్కా నడిచింది. మాటిజ్ ఎంపీఎఫ్ఐ బండి, అంటే కార్బురేటర్ బదులు ఇంజక్టర్లు పెట్రోలు చల్లేది. దాని కంప్యూటర్ నీళ్ళ వేడిని సెన్సారుతో చూసుకుని పెట్రోలు ఎంత చల్లాలో తేల్చుకుంటుంది. థర్మోస్టాట్ లేకపోతే ఇంజను పని చేయాల్సిన వేడికి త్వరగా చేరదు, కంప్యూటర్ ఇంకా పొద్దున చలిలోనే ఉన్నాననుకుని ఎక్కువ పెట్రోలు పోస్తూనే ఉంటుంది. పెట్రోలు దండగ, ప్లగ్గులు నల్లబడతాయి, సిలిండరు గోడల మీది ఆయిల్ కడుక్కుపోయి అరుగుదల ఎక్కువ. వేడెక్కడానికి అసలు కారణం మూసుకుపోయిన పాత రేడియేటర్. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే ఊళ్ళో అల్యూమినియం కోరుకు (మధ్యలోని జాలీకి) ప్లాస్టిక్ ట్యాంకులు అతికించిన ఆ రేడియేటర్ ఇన్నేళ్ళు ఆగడమే గొప్ప. ట్రాక్టరు రేడియేటర్లు చేసే అంగడిలో రాగి కోరుతో కొత్తది కట్టించాం, థర్మోస్టాట్ కొత్తది వేశాం, ఫ్యాన్‌కు విడిగా రిలే పెట్టాం. నీళ్ళ బదులు కూలెంట్. అంతే, మే నెలలో ఏసీ వేసుకుని సప్తగిరి సర్కిల్ ట్రాఫిక్‌లో నిలబడినా ముల్లు మధ్యలోనే ఉంటోంది. భాయ్ ఇప్పటికీ "మీకు అదృష్టం బాగుంది సార్" అంటాడే గానీ ఒప్పుకోడు.

లైట్లు కూడా అంతే. పాతబడిన వైర్లు, అరిగిన స్విచ్చు దాటుకుని బల్బు దగ్గరికి వచ్చేసరికి బ్యాటరీలో ఉన్న వోల్టేజీ కొంత దారిలోనే ఖర్చయిపోతుంది, బల్బు పసుపు రంగులో గుడ్డిగా వెలుగుతుంది. జనం దానికి చేసే వైద్యం, ఎదుటివాడి కళ్ళు పోయేలా ఎల్ఈడీలు పెట్టుకోవడం. బల్బు కోసం చేసిన రిఫ్లెక్టర్‌లో ఎల్ఈడీ పెడితే వెలుగు చెల్లాచెదరై రోడ్డు మీద కంటే ఎదురొచ్చేవాడి మొహం మీదే ఎక్కువ పడుతుంది. నేను బ్యాటరీ నుంచి మందమైన వైరు నేరుగా లాగి, మధ్యలో ఫ్యూజు, రిలే పెట్టి, పాత స్విచ్చును రిలేను పలకరించడానికి మాత్రమే వాడుకున్నాను. బల్బు అదే 60/55 వాట్లది. దానికి అయిన ఖర్చు ఒక ట్యాంకు పెట్రోలుకు కూడా రాదు, రాత్రి గుత్తి నుంచి వస్తుంటే రోడ్డు కనబడుతోంది.

సైలెన్సర్ కోసి శబ్దం పెంచడం, బండిని నేలకు ఆనించేలా కిందికి దించడం, పెద్ద చక్రాలు వేయడం, వీటి గురించి ఎక్కువ మాట్లాడను. 50 పైచిలుకు హార్స్ పవర్ ఉన్న బండి అరిస్తే ఎవరు భయపడతారు? ఇంజను మార్పిడి మాత్రం కొంచెం ఆలోచించాల్సిన విషయం, ఎందుకంటే అందరూ చెప్పేది అదే: మారుతి వెయ్యి సీసీ ఇంజను ఎక్కించెయ్, పీడా పోతుంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలు తయారీదారు ఇచ్చినదానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. గ్యాసు కిట్ లాంటి కొన్నిటికి అందులోనే మినహాయింపులున్నాయి. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా తయారీదారు అసలు నిర్దేశాలకు విరుద్ధంగా బండిని మార్చడం కుదరదని చెప్పింది. చట్టం సంగతి పక్కనపెట్టినా, వేరే కంపెనీ ఇంజను పెట్టాక అది మాటిజ్ ఎలా అవుతుంది? ఇన్సూరెన్స్ వాడు కూడా ఆ ప్రశ్నే అడుగుతాడు, నాలాగా ముచ్చటకు మాత్రం కాదు.

అదే చట్టం ఇంకోచోట చేసిన పని చూడండి. 2021 జులైలో కేంద్రం వింటేజ్ బండ్లకు నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటాలి, అసలు రూపంలోనే ఉండాలి, చాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు ఉండకూడదు. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, 'వీఏ' అక్షరాలున్న ప్రత్యేక నంబరు. ప్రదర్శనలకు, ర్యాలీలకు తీసుకెళ్ళొచ్చు, రోజువారీ తిరగడానికి వీల్లేదు. అంటే కారు గౌరవం పొందాలంటే ముందు నడవడం మానెయ్యాలి. నా మాటిజ్‌కు ఆ వయసు 2051లో వస్తుంది. ఈలోపు అది చట్టం దృష్టిలో ఏమిటి? ఫీజులు పెంచి వదిలించుకోవాల్సిన పాతబండి. 2021లో ఆర్సీ రెన్యువల్‌కు కట్టింది 600. 2022 ఏప్రిల్ నుంచి కార్లకు అది 5,000 అయింది. 2025 ఆగస్టులో 20 ఏళ్ళు దాటిన కార్లకు 10,000 చేశారు. అసలు రూపంలో ఉంచమని చెప్పే పెద్దమనుషులు ఈ మధ్యలోని మూడు దశాబ్దాలు కారు ఎలా బతకాలో మాత్రం చెప్పరు. ఎవరూ ఇష్టపడని కార్లన్నీ చచ్చేది ఈ మధ్యకాలంలోనే. 50 ఏళ్ళకు చేరేవి అప్పటికే గొప్పవాళ్ళ గ్యారేజీల్లో ఉన్నవే.

నాకు ఎదురయ్యే వాదనల్లో గట్టిది భద్రత. దానికి నా దగ్గర దబాయింపు లేదు. ఎయిర్‌బ్యాగులు లేవు, ఏబీఎస్ లేదు, తలుపుల్లో ఇప్పటి కార్లకు పెట్టే పటుత్వం లేదు. బ్రేకులు ఎంత బాగుచేయించినా, సీటు బెల్టులు కొత్తవి వేయించినా గుద్దుకుంటే అది 2001 కారే. అందుకే ఇంట్లోవాళ్ళందరితో కలిసి 44వ నంబరు జాతీయ రహదారి మీద దూరం వెళ్ళాలంటే దీన్ని తియ్యను. ఒక్కడినే ఉంటే ఎడమ వరసలో 70, 80 మీద పోతాను. మార్పులతో సాధించలేనిది ఏంటో తెలిసుండటం కూడా ఈ పనిలో భాగమే, దాన్ని దాచిపెట్టి "పాత ఇనుము గట్టిది సార్" అని గొప్పలు చెప్పేవాళ్ళ మాట వినకండి. పాత ఇనుము గట్టిగా ఉంటే దెబ్బ లోపల ఉన్న మనిషికి తగులుతుంది.

డబ్బుల వాదన అంత గట్టిది కాదు. స్క్రాపుకు ఇచ్చి సర్టిఫికెట్ చూపిస్తే కొత్త కారు పన్నులో 25 శాతం వరకు రాయితీ ఇవ్వొచ్చని కేంద్రం నిబంధన పెట్టింది. కొనేవాళ్ళు కొనుక్కోండి, మంచిదే. నేను దీన్ని పెట్టుబడి అని ఎప్పుడూ అనలేదు, పొదుపు అనీ అనను. ధర లేకపోవడమే దీనివల్ల నాకున్న సౌఖ్యం. పద్మిని ఉన్న మిత్రుడొకడు ఒరిజినల్ హారన్ బటన్ కోసం మూడు రాష్ట్రాలకు ఫోన్లు చేశాడు, దొరికేదాకా బండి బయటికి తియ్యలేదు, ఎందుకంటే అది లేకపోతే బండి విలువ పడిపోతుందట. నా బండి విలువ పడిపోవడానికి ఇంక కింద చోటే లేదు. నా కారు హారన్ ఒక లారీ స్పేర్ల అంగట్లో కొన్నది. నొక్కితే మోగుతుంది.

పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ గేటు ముందునుంచి దీంట్లో వెళ్ళడం నాకు సరదా. 2019లో కొరియా కార్లు మన గడ్డమీద తయారవుతున్నాయని జిల్లా అంతా మురిసిపోయింది (పెనుకొండ ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది, అది వేరే బాధ). మురవాల్సిన విషయమే. కొరియా నుంచి ముందే వచ్చి, కంపెనీ పోయి, మిగిలిపోయిన బండి అదే రోడ్డు మీద ఏసీ వేసుకుని పోతుంటే గేటు దగ్గర సెక్యూరిటీ అబ్బాయి ఒకసారి సెల్యూట్ కొట్టాడు. ఎగతాళికే అనుకోండి.

ఇంకో మేలు కూడా ఈ నేల చేసింది. ఏడాదికి సగటున 550 మి.మీ. చుట్టూ మాత్రమే వాన పడే ప్రాంతం మనది. రైతుకు శాపమైన ఆ పొడి గాలే రేకుకు రక్ష. చెన్నై, విశాఖ నుంచి వచ్చిన అదే కాలం నాటి కార్ల కింద చూస్తే ఫ్లోరు జల్లెడై ఉంటుంది, టింకర్ వెల్డింగ్ చేసి లప్పం పూసి అమ్ముతారు. నా బండి 'ఏపీ 02' నంబరుతో ఇక్కడే పుట్టి ఇక్కడే తిరిగింది, గడప పట్టీల్లో అసలు రేకు అలాగే ఉంది. రబ్బరూ ప్లాస్టిక్కూ మాత్రం ఎండకు పెళుసుబారి చేతిలోకి వచ్చేస్తాయి. ఏ ఊళ్ళో ఉన్న కారుకు ఏది మార్చాలో ఆ ఊరి వాతావరణమే చెబుతుంది.

నేను పెట్టుకున్న నియమం ఒకటుంది, ఇలాంటి కార్లున్న వాళ్ళకు అదైనా పనికొస్తుంది. చేసిన ఏ మార్పైనా విప్పేస్తే బండి మళ్ళీ పాత స్థితికి రావాలి. బాడీకి కొత్త రంధ్రం పెట్టను, అసలు వైరింగ్ కొయ్యను, పక్కనే కొత్తది నడిపిస్తాను. ఏ రిలే ఎక్కడుంది, ఏ రంగు వైరు ఎటు పోతుంది, ఏ బేరింగుకు ఏ నంబరు, రేడియేటర్ కొలతలు ఎంత అన్నీ తెలుగులో ఒక నోటు పుస్తకంలో రాసి, బొమ్మలు గీసి, డ్యాష్‌బోర్డు అరలో పెట్టాను. నేను లేనప్పుడు ధర్మవరంలో ఆగిపోయినా అక్కడి మెకానిక్ అది చూసి పని చేసుకోగలగాలి. మా భాయ్ మొదట్లో నవ్వాడు గానీ ఇప్పుడు తనే చేసిన పని కింద తేదీ వేసి సంతకం పెడుతున్నాడు.

ఈ ఏడాది రెన్యువల్ ఉంది, 10,000 కట్టాలి, కడతాను. దాంతోపాటు పైకప్పుకు తెల్లరంగు వేయించి ఆర్సీలో ఎక్కించుకోవాలని ఉంది. ముదురు ఎరుపు రేకు కింద మిట్టమధ్యాహ్నం కూర్చోవడం ఇక నా వల్ల కాదు, తెలుపు అయితే ఏసీ మీద భారం తగ్గుతుంది, సీలింగు కింద వేడి ఆపే షీటు కూడా అదే ఊపులో వేయించెయ్యొచ్చు. పెయింటర్ అన్నకు చెప్తే బండి చుట్టూ ఒక రౌండు తిరిగి, "పైన ఒక్కటీ ఏంటికి సార్, మొత్తం తెలుపే కొట్టేద్దాం, దూరం నుంచి మారుతి అనుకుంటారు" అన్నాడు. పైకప్పు వరకే అని చెప్పి అడ్వాన్స్ ఇచ్చి వచ్చాను.